స్టోరెన్ నుంచి స్వోల్వేర్ దాకా: నార్వే రాతిగోడల మీద

నార్వే వెళ్తున్నానంటే అందరూ అడిగింది నార్తర్న్ లైట్స్ గురించే. జులైలో అవి కనపడవు, ఉత్తరాన సూర్యుడే అస్తమించడు. నేను వెళ్లింది రాళ్లు ఎక్కడానికి. భువనగిరి కోటగుట్ట మీద హార్నెస్ (తాడు తగిలించుకునే నడుము పట్టీ) కట్టుకోవడం నేర్చుకున్నవాణ్ని, అక్కడి ఏకశిల మీద చేతులు గీరుకుపోయేలా ఎక్కినవాణ్ని. మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, ట్రోండ్‌హైమ్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు దొరికితే చాలు కొండ మీదే ఉంటాడు. ఈసారి ఇద్దరికీ సెలవులు కలిశాయి. దక్షిణాన మొదలుపెట్టి ఆర్కిటిక్ వలయం దాటి లోఫోటెన్ దీవుల దాకా కారులో పోతూ, దారిలో ఎక్కగలిగినవి ఎక్కుతూ వెళ్దామని ప్లాన్.

ముందే ఒక మాట. ఈ దేశంలో కొండకు గేటు లేదు, టికెట్ లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అలాగే రాతిలో మన కోసం ముందే దిగ్గొట్టిన బోల్టులు కూడా చాలాచోట్ల ఉండవు. పగుళ్లలో క్యాములు (లోపల విచ్చుకుని కరుచుకునే పరికరాలు), నట్లు (ఇరికించే లోహపు ముక్కలు) మనమే పెట్టుకుని వాటికి తాడు తగిలించుకుంటూ ఎక్కాలి, వెనకాల వచ్చేవాడు వాటిని తీసుకుంటూ రావాలి, రాయి మళ్లీ మునుపటిలాగే మిగలాలి. నన్ను ఈ దేశానికి లాక్కొచ్చింది ఇదే.

శనివారం, ఓస్లో నుంచి టుర్టాగ్రో

పొద్దున్నే ఓస్లోలో బయల్దేరాం. దారిలో లార్దాల్ సొరంగం వస్తుంది, 24.5 కిలోమీటర్లు, ప్రపంచంలో ఇంత పొడవైన రోడ్డు సొరంగం ఇంకోటి లేదు. డ్రైవర్‌కి నిద్ర రాకుండా మధ్యమధ్యలో కొండను గుహలా వెడల్పుగా తొలిచి నీలం లైట్లు పెట్టారు. తర్వాత ఒక చిన్న ఫెర్రీ, ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డునే షోల్డెన్ దాకా రోడ్డు, అక్కణ్నుంచి మలుపులు తిరుగుతూ టుర్టాగ్రోకి ఎక్కుడు.

టుర్టాగ్రో అంటే ఊరు కాదు, ఒక హోటలూ దాని చుట్టూ కొండలూ. 1888 నుంచి పర్వతారోహకులు దిగే చోటు ఇది. 2001లో పాత భవనం కాలిపోతే మరుసటేడే కొత్తది కట్టారు. ఎదురుగా హురుంగానె శిఖరాలు, రెండు వేల మీటర్లు దాటినవే ఇరవైకి పైగా. మేం హోటల్లో దిగలేదు, పైన గడ్డిలో టెంట్ వేసుకున్నాం. 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేల ఎవరిదైనా సరే దాని మీద నడవొచ్చు, మనుషులుండే ఇంటికి 150 మీటర్ల దూరం పాటిస్తే ఒకేచోట రెండు రాత్రులు టెంట్ వేసుకోవచ్చు. మన దగ్గర గుట్ట ఎక్కాలంటే ముందు అది ఏ డిపార్ట్‌మెంటు కిందికి వస్తుందో కనుక్కోవాలి కదా, అందుకే ఆ రాత్రి గడ్డిలో పడుకుని ఈ చట్టం గురించి చాలాసేపు ఆలోచించాను.

ఆదివారం, స్టోరెన్

పూర్తి పేరు స్టోరె స్కాగస్టోల్స్‌టిన్, 2405 మీటర్లు, నార్వేలో ఎత్తులో మూడోది. అందరూ ముద్దుగా స్టోరెన్ అంటారు. ఎత్తులో మొదటిది గాల్‌హోపిగ్గెన్, 2469 మీటర్లు, దానికి తాడు పట్టుకుని గైడు వెంట గ్లేసియర్ దాటితే పిల్లలు కూడా ఎక్కేస్తారు. స్టోరెన్ అలా కాదు, చివర్లో అసలైన రాతి ఎక్కుడు ఉంది.

తెల్లవారుజామున నాలుగింటికే నడక మొదలుపెట్టాం. లోయ పొడుగునా కంకర, ఆ పైన పాత మంచు. బాన్నె అనే పల్లం మీద నార్వే ట్రెకింగ్ సంఘం 1890లో కట్టిన చిన్న రాతి గుడిసె ఉంది, గాలి కొడితే లోపల దూరి కూర్చోవచ్చు. అక్కడ ఫ్లాస్కులో టీ తాగి హెల్మెట్లు పెట్టుకున్నాం.

ఈ శిఖరానికి ఒక పెద్ద కథ ఉంది. 1876 జులై 21న విలియం సిసిల్ స్లింగ్స్‌బీ అనే ఇంగ్లిష్ ఆయన మొదటిసారి పైకి చేరాడు. వెంట ఎమాన్యుయెల్ మోన్, క్నుట్ లిక్కె అనే ఇద్దరు నార్వేవాళ్లు వచ్చారుగానీ ఆఖరి గోడ దగ్గర ఇక ఎక్కడం అసాధ్యమని ఆగిపోయారు, ఆయన ఒక్కడే, తాడు లేకుండా, మిగిలింది ఎక్కేశాడు. నార్వే పర్వతారోహణకు పెద్దదిక్కు అని ఇప్పటికీ ఆయన్నే అంటారు. 1894లో తెరెసె బెర్తో అనే టీచరమ్మ ఈ శిఖరం ఎక్కిన మొదటి మహిళ అయింది. ఆ రోజుల్లో, ఆ బట్టలతో, ఆ తాళ్లతో! స్లింగ్స్‌బీ కంటే నాకు ఆవిడ మీదే గౌరవం ఎక్కువ.

మేం ఎక్కింది ఇప్పుడు అందరూ వాడే హెఫ్టీ దారి. ‘మూల’ అని పిలిచే చోట తాడు కట్టుకుని, అన్నయ్య లీడ్‌లో, అంటే తాడుతో ముందు ఎక్కుతూ, నేను బిలేలో, అంటే కింద నుంచి ఆ తాడు పట్టి కాపాడుతూ. గోడలో నిలువునా చీలిన ఇరుకు సందు అది. మోచేయి ఒక గోడకు, వీపు ఇంకో గోడకు ఆనించి, బూటు అంచుని చిన్న మెట్టు మీద తిప్పి నొక్కితే ఒక అడుగు పైకి లేస్తాం, లేచిన దగ్గర ఊపిరి పీల్చుకుని మళ్లీ అదే పని. రాయి గాబ్రో, నల్లగా గరుగ్గా ఉంటుంది, తడిసినా పట్టు వదలదని చెబుతారు. లోపలి నీడలో మాత్రం ఐసులా ఉంది. వేళ్లు తిమ్మిరెక్కి, పెట్టింది పట్టులోనే ఉందో లేదో కళ్లతో చూసి నిర్ధారించుకోవాల్సి వచ్చింది. నట్ ఒకటి బాగా ఇరుక్కుపోయి రాలేదు. "తమ్మీ, కింద నుంచి పైకి కొట్టు, పక్కకు లాగకు" అని పైనుంచి అన్నయ్య అరుస్తున్నాడు. నట్ కీతో రెండు దెబ్బలు వేస్తే టక్కుమని ఊడింది.

పైన మేఘం లేదు. యూటున్‌హైమెన్ పర్వతశ్రేణి మొత్తం కళ్ల ముందు పరిచినట్టే ఉంది. ఒక పావుగంట కూర్చుని రాపెల్ చేస్తూ, అంటే తాడు మీద జారుతూ దిగాం. మోకాళ్ల పని పట్టేది ఆ తర్వాతి కంకర దిగుడే, టెంట్‌కి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది, ఎండ ఇంకా కొండల మీదే ఉంది.

సోమవారం, రోమ్స్‌దాల్‌కి

ఒళ్లు నొప్పులతో లేచి సోగ్నెఫ్యెల్ రోడ్డెక్కాం. 1434 మీటర్ల ఎత్తు దాకా పోయే దారి, జులైలో కూడా రోడ్డు పక్కన మంచు. లోమ్‌లో ఆగి బ్రెడ్డు కొనుక్కుని, పన్నెండో శతాబ్దపు చెక్క చర్చిని బయటి నుంచే చూసి, దోంబోస్ మీదుగా రోమ్స్‌దాల్ లోయలోకి దిగాం.

ఈ లోయలోకి కారు తిరగ్గానే ఇద్దరం మాట్లాడటం మానేశాం. కుడి వైపు రోమ్స్‌దాల్స్‌హోర్న్, ఎడమ వైపు ట్రోల్‌వెగ్గెన్. యూరప్‌లో అత్యంత ఎత్తయిన నిలువు రాతిగోడ అంటారు దీన్ని, అడుగు నుంచి కొస దాకా సుమారు 1100 మీటర్లు. పై భాగం ముందుకు వంగి మన మీదికి వస్తున్నట్టు ఉంటుంది. 1965 వేసవిలో ఒక నార్వే జట్టూ ఒక బ్రిటిష్ జట్టూ ఒకే సమయంలో వేరువేరు దార్లలో దీని మీదికి ఎక్కాయి, నార్వేవాళ్లు ఒక రోజు ముందు పైకి చేరారు. 1974 చలికాలంలో పోలండ్ వాళ్లు మొదటి శీతాకాల ఆరోహణ చేశారు. 1984లో ఇక్కణ్నుంచి పారాచూట్‌తో దూకి అమెరికన్ కార్ల్ బోనిష్ చనిపోయాడు, 1986 నుంచి ఆ దూకుళ్లు నిషేధం.

ఇది ఎక్కుదామా అని మేం అనుకోను కూడా అనుకోలేదు. మా స్థాయి వేరే. పైగా ఈ గోడ రాళ్లు వదులుతూ ఉంటుంది, 1998లో పెద్ద పెద్ద ముక్కలే ఊడిపడి పాత రూట్లు కొన్ని చెడిపోయాయి. రోడ్డు పక్క ఆగి బైనాక్యులర్స్‌తో చూస్తుంటే పైనెక్కడో గరగరమని ఒక చప్పుడు, చాలాసేపు వినిపించింది, ఏ రాయి పడిందో మాత్రం కనపడలేదు.

సాయంత్రం ఓందల్స్‌నెస్‌లో టిన్నెసెంటర్‌కి వెళ్లాం, 2016లో తెరిచిన పర్వతారోహణ మ్యూజియం. పాత జనపనార తాళ్లు, మేకులు కొట్టిన బూట్లు, అన్నీ దగ్గరగా చూడొచ్చు. అక్కడే క్లైంబింగ్ జిమ్ కూడా ఉంది, స్థానిక పిల్లలు కోతుల్లా ఎగబాకుతున్నారు.

మంగళవారం, రోమ్స్‌దాల్స్‌హోర్న్

1550 మీటర్ల శిఖరం. లోయ నుంచి చూస్తే ఎటు నుంచీ దారి లేనట్టు కనిపిస్తుంది. వెనక వైపు వెంగెదాలెన్ లోయ నుంచి వెళ్తే ఉత్తరం గోడ మీద దారి ఉంది, గ్రేడ్ 3. వాళ్ల లెక్కలో అంకె పెరిగేకొద్దీ కష్టం, 3 అంటే చేతులకు మంచి పట్లు దొరుకుతాయి, కానీ జారితే మాత్రం ఆగేది లేదు. అందుకని బలమున్నవాళ్లు తాడు లేకుండా పోతున్నా మేం తాడు కట్టుకునే వెళ్లాం.

1828లోనే ఇద్దరు స్థానికులు ఇది ఎక్కారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు, తర్వాత 1881లో కార్ల్ హాల్ అనే డెన్మార్క్ ఆయన ఎక్కాడు. కానీ ఈ కొండ మనిషి అంటే ఆర్నె రాందర్స్ హేన్. ఓందల్స్‌నెస్‌లో టైలర్. ఈ శిఖరాన్ని 233 సార్లు ఎక్కాడు, చివరిసారి ఎక్కినప్పుడు వయసు 85. బట్టలు కుట్టుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా కిటికీలోంచి కనిపించే కొండ ఎక్కుతూ ఒక జీవితం గడిపాడు. ఎవరెస్టు ఎక్కినవాళ్ల కథలు చాలా చదివాను, నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. శిఖరం మీద చిన్న గుడిసె ఉంది, అందులో తల వంచుకుని కూర్చుని బ్రెడ్డూ బ్రౌన్ చీజూ తిన్నాం. తియ్యగా, పాలకోవా మాడినట్టు ఉంటుంది ఆ చీజు, అన్నయ్యకి ప్రాణం, నాకు ఇంకా అలవాటు కాలేదు.

దిగేటప్పుడు పైన వేరే జట్టు ఉంది. ఎవరి కాలు తగిలిందో, గుప్పెడంత రాయి ఒకటి మా పక్కనుంచి దూసుకుపోయింది. పైవాళ్లు వెంటనే గట్టిగా అరిచి హెచ్చరించారు, మేం గోడకు అతుక్కుపోయాం. ఏం కాలేదు. హెల్మెట్ గురించి ఎవరైనా బద్ధకిస్తే నాకు ఆ రాయి చప్పుడే గుర్తొస్తుంది.

బుధవారం, వాన

నార్వేలో అందరూ చూసే వాతావరణం సైటు ‘యర్’, అది చెప్పినట్టే గంట తేడా లేకుండా వాన మొదలైంది. ఎక్కడం కుదరదు కాబట్టి ఐకెస్‌దాల్ లోయలో మార్దాల్స్‌ఫోస్సెన్ జలపాతం చూడటానికి వెళ్లాం. వెళ్లింది నీళ్లకంటే ఎక్కువగా ఒక చరిత్ర కోసం.

ఆర్నె నెస్ అనే పేరు పర్వతారోహకులకీ, తత్వశాస్త్రం చదివినవాళ్లకీ తెలిసే ఉంటుంది. ఓస్లో యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్, హిందూకుష్‌లో 7708 మీటర్ల తిరిచ్ మీర్‌ని 1950లో మొదటిసారి ఎక్కిన జట్టుకు నాయకుడు. గాంధీని లోతుగా చదివాడు, ఆయన అహింసా పద్ధతి మీద పుస్తకాలు రాశాడు. 1970లో ఈ జలపాతం నీళ్లను కరెంటు ప్రాజెక్టుకి మళ్లించబోతే జనంతో పాటు వచ్చి దారికి అడ్డంగా కూర్చున్నాడు, పోలీసులు ఎత్తుకుని పక్కకు తీసుకుపోయారు. సత్యాగ్రహం పేరు విని పెరిగినవాళ్లం మనం, ఇంత దూరంలో ఒక కొండలెక్కే మనిషి దాన్ని ఆచరణలో పెట్టాడంటే గర్వంగా అనిపించింది. పోరాటం ఓడిపోయింది. ఇప్పుడు జలపాతానికి నీళ్లు వేసవిలో కొన్ని వారాలే వదులుతారు. మేం వెళ్లినప్పుడు పారుతోంది, పైనుంచి కింద దాకా 700 మీటర్లకు పైగా, వానలో వానై.

తర్వాతి ఏడాది ఆయన ఇద్దరు మిత్రులతో నేపాల్లోని రోల్వాలింగ్ లోయకు వెళ్లి షెర్పాలతో గడిపాడు. అక్కడివాళ్లు పవిత్రంగా చూసుకునే గౌరీశంకర్ శిఖరాన్ని ఎక్కనివ్వకుండా కాపాడాలన్న వాళ్ల కోరికకు మద్దతుగా నిలబడ్డాడు. కొండలెక్కేవాడే ఈ కొండ ఎక్కొద్దు అని చెప్పడం చిన్న విషయం కాదు.

రాత్రికి ట్రోండ్‌హైమ్ చేరి అన్నయ్య ఇంట్లో వేడి అన్నం, కందిపొడి, నెయ్యి. బట్టలు ఉతుక్కుని, తాళ్లు ఆరేసుకుని పడుకున్నాం.

గురువారం, ఫ్లాటాంగెర్

ట్రోండ్‌హైమ్‌కి ఉత్తరాన మూడు గంటల ప్రయాణం. సముద్రం ఒడ్డున పొలాలు, వాటి వెనక కొండలో నోరు తెరిచిన గుహ, పేరు హాన్స్‌హెల్లరెన్. ఇక్కడి పద్ధతి పూర్తిగా వేరు, ఇది స్పోర్ట్ క్లైంబింగ్ చోటు, బోల్టులు ఉంటాయి. గుహ కప్పు మీద తలకిందులుగా పట్టుకునే పగుళ్లే లేనప్పుడు క్యాము పెట్టే ప్రసక్తి ఎక్కడిది, కాబట్టి ఇక్కడ బోల్టులే న్యాయం.

చెక్ దేశస్తుడు ఆడమ్ ఓంద్రా 2017 సెప్టెంబర్ 3న ఇక్కడే ‘సైలెన్స్’ అనే 45 మీటర్ల రూటు ఎక్కాడు. కష్టాన్ని కొలిచే ఫ్రెంచ్ లెక్కలో ప్రపంచంలో 9సి గ్రేడ్ ఇచ్చిన మొదటి రూటు అది. కష్టమైన చోట కాళ్లు ముందు, తల వెనక పెట్టి కదలాలి. కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా ఆ గీతను చూశాను. వాన పడినా గుహలో చాలా భాగం తడవదు, అందుకే ఎక్కడెక్కడి నుంచో వచ్చి నెలల తరబడి ఇక్కడే మకాం వేస్తారు. ఎవరో ఒకమ్మాయి ఒకే ఒక్క కదలిక కోసం మేమున్నంతసేపూ పడుతూ లేస్తూ ఉంది, పడ్డ ప్రతిసారీ కింద ఉన్న అపరిచితులంతా ఆమె పేరు పిలిచి ఉత్సాహపరుస్తున్నారు. మేం పక్కనున్న సులువు రూట్లు నాలుగైదు ఎక్కాం, ముంజేతులు బండల్లా బిగుసుకుపోయాయి.

శుక్ర, శనివారాలు

రోడ్డు, రోడ్డు, రోడ్డు. ఇ6 హైవే మీద ఉత్తరానికి. సాల్ట్‌ఫ్యెల్ పీఠభూమి మీద ఆర్కిటిక్ వలయం దాటాం, చెట్లు లేవు, గాలి మాత్రం ఉంది. ద్రాగ్ నుంచి షోప్స్‌విక్‌కి ఫెర్రీ, తర్వాత సొరంగాలు, ఒక సొరంగం బయటికి రాగానే ఎదురుగా స్టేటిన్.

ఆదివారం, స్టేటిన్

2002లో ఓటింగ్ పెట్టి నార్వే జాతీయ పర్వతంగా ఎన్నుకున్నారు దీన్ని. 1392 మీటర్లే, కానీ సముద్రంలోంచి నేరుగా లేస్తుంది, నున్నటి గోడలు, పైన కోసేసినట్టు చదునైన కొస. కింద ఫ్యోర్డ్ నీళ్ల దగ్గర అడుగు మొదలుపెడితే ఎత్తంతా మన కాళ్లతోనే ఎక్కాలి.

ఈ ఒక్కదానికే గైడుని పెట్టుకున్నాం, నార్విక్ వైపు మనిషి, అరవైకి దగ్గర వయసు, మాట తక్కువ. తెల్లవారుజామున బయల్దేరి బర్చ్ చెట్ల మధ్య నుంచి, స్వార్ట్‌వాట్నె సరస్సు పక్కగా, పెద్ద బండల మీదుగా ఎక్కాం. వీపు మీద తాళ్లు, క్యాములు, నీళ్లు. 1314 మీటర్ల దగ్గర ఒక ఉపశిఖరం వస్తుంది, దాని పేరు హాల్ ఫోర్‌టాప్. రోమ్స్‌దాల్స్‌హోర్న్ ఎక్కిన అదే కార్ల్ హాల్ 1889లో ఇక్కడిదాకా వచ్చి, ముందున్న సన్నటి గట్టు చూసి, ఒక రాళ్ల గుట్ట పేర్చి వెనక్కి తిరిగాడు. 1904లో స్లింగ్స్‌బీ కూడా ఈ పర్వతం దగ్గర ఓడిపోయాడు. చివరికి 1910లో షెల్డెరూప్, రూబెన్సన్, బ్రిన్ అనే ముగ్గురు నార్వే కుర్రాళ్లు సాధించారు. రూబెన్సన్ అప్పటికే 1907లో సిక్కిం వచ్చి కాబ్రూ మీద ఇంకొద్ది ఎత్తు మిగిలుండగా ఆగిపోయినవాడు.

ఆ రాళ్ల గుట్ట దగ్గర కూర్చున్నప్పుడు ఎదుటి గట్టు స్పష్టంగా కనిపించింది. రెండు వైపులా వందల మీటర్ల లోతు. దాని చివర మీసొస్తెన్ అనే బండ, దాని మీద వేళ్ల కొసలతో వేలాడుతూ పక్కకు జరగాల్సిన ప్రసిద్ధమైన చోటు. అన్నయ్య ఆ చోటు గురించి ఏళ్ల తరబడి చెప్తూ ఉన్నాడు. నేను హార్నెస్ బిగించుకుంటున్నాను. అంతలో పడమటి నుంచి మబ్బు వచ్చి గట్టును సగం మింగేసింది. వాన అనే అంత వాన కాదు, తుంపర. కానీ ఇక్కడి రాతి మీద నాచులాంటి నల్లటి లైకెన్ పాకి ఉంటుంది, ఎండలో గరుగ్గా ఉండే అదే లైకెన్ తడిస్తే సబ్బు నురగ. గైడు వంగి బొటనవేలితో దాన్ని రుద్దాడు, వేలు మా ఇద్దరికీ చూపించాడు. నల్లగా, జిగటగా. అరగంట ఆగుదామన్నాడు. అరగంట తర్వాత ఇంకా తడిసింది.

"తమ్మీ, ఇగ దిగుదాం" అన్నాడు అన్నయ్య. 

"ఇంత దూరం వచ్చినం కదన్నా" అన్నాను. 

"కొండ ఏడికి పోదు, మళ్లొద్దాం."

ఈ దేశంలో పర్వత నియమాలని తొమ్మిది ఉన్నాయి, కొండకు పోయేవాళ్లంతా కొనుక్కునే క్విక్ లున్ష్ చాక్లెట్ రేపర్ లోపలే ఏళ్ల తరబడి అచ్చు వేస్తూ వచ్చారు. వేళకు వెనక్కి తిరగండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు అనేది అందులో ఒకటి. పిల్లలప్పటి నుంచీ ఇది చదువుకుంటూ పెరుగుతారు. దిగుతుంటే ఎదురైన ఇద్దరు నార్వే అమ్మాయిలు మమ్మల్ని పైకి చేరారా అని అడగలేదు, రాయి ఎలా ఉంది అని అడిగారు. తడిగా ఉందంటే థాంక్స్ చెప్పి వాళ్లూ అక్కణ్నుంచే తిరిగిపోయారు. మన దగ్గర ట్రెక్‌కి పోయి సమ్మిట్ కాకుండా వస్తే ఇంటి దగ్గర పదిమందికి సంజాయిషీ చెప్పాలి. ఆ ఒత్తిడితోనే మనవాళ్లు కొందరు హిమాలయాల్లో పోకూడని గంటలో పైకి పోతున్నారని నేను గట్టిగా నమ్ముతాను. 

బాధ లేదా అంటే ఉంది. ఆ రాత్రి టెంట్‌లో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

సోమవారం, హెన్నింగ్స్‌వేర్

స్కార్‌బెర్గె, బోగ్నెస్, లోడింగెన్, రెండు ఫెర్రీలు. లోఫోటెన్‌లోకి దిగేసరికి ఎండ. హెన్నింగ్స్‌వేర్ దీవుల మీద కట్టిన చేపల ఊరు, కాడ్ చేపలు ఎండబెట్టే చెక్క పందిళ్లు, బండల మధ్య ఫుట్‌బాల్ గ్రౌండు, వీధి చివర క్లైంబింగ్ స్కూలూ దాని కేఫే. సాయంత్రం ఆ కేఫేలో కూర్చుంటే ఏ రూటు ఆరింది, ఎక్కడ పక్షి గూడు ఉంది, అన్నీ తెలిసిపోతాయి.

ఊరికి దగ్గర్లో ప్రెస్టెన్ అనే గోడ, దాని మీద ‘వెస్ట్‌పిల్లారెన్’ రూటు, 1978లో వేసింది. నాలుగొందల మీటర్ల పైచిలుకు శుభ్రమైన పగుళ్లు, నార్వే గ్రేడ్ 6. అర్ధరాత్రి పన్నెండింటికి రోడ్డు మీద నుంచి చూస్తే మూడు జట్లు ఎక్కుతూ కనిపించాయి, ఎర్ర జాకెట్ వేసుకున్నాయన చేతులకు చాక్ పొడి పూసుకోవడం కూడా తెలుస్తోంది, అంత వెలుతురు.

మంగళవారం, గాండాల్ఫ్ గోడ

అదే పేరున్న రూటు, గ్రేడ్ 5, రోడ్డు నుంచి పది నిమిషాల నడక. మధ్యాహ్నం జనం ఎక్కువని రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టాం. మొదటిసారి నేను లీడ్.

ఇక్కడి రాయి చేతికి తగలగానే భువనగిరి గుర్తొచ్చింది, అదే గరుకు, అదే గులాబీ-బూడిద రంగు పలుకులు. లోఫోటెన్‌లో గ్రానైట్‌తో పాటు చార్నొకైట్ కూడా ఉందని కేఫేలో ఒక జియాలజీ స్టూడెంట్ చెప్పాడు. చార్నొకైట్ మన తూర్పు కనుమల రాయే, కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధికి వాడిన రాయి కూడా ఇదే, ఆయన పేరే దానికి పెట్టారు. 

రెండో పిచ్‌లో, అంటే ఒక తాడు పొడవులో ఎక్కే రెండో ముక్కలో, ఒక పగులు. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పెట్టి, బొటనవేలు అరచేతిలోకి మడిస్తే చెయ్యి ఉబ్బి బిగుసుకుంటుంది, దాని మీద ఒళ్లంతా వేలాడొచ్చు. ఇంకో చేత్తో క్యాము తీసి ట్రిగ్గర్ నొక్కి లోపలికి తోసి వదిలాను, నాలుగు పలకలూ రెండు వైపులా సమానంగా కరుచుకున్నాయి. ఒకసారి గట్టిగా లాగి చూసి, రోప్ క్లిప్ చేసి, అప్పుడు ఊపిరి వదిలాను. బోల్టు మీద క్లిప్ చేసినప్పుడు నమ్మేది ఎవరో చేసిన పనిని. ఇక్కడ నమ్మాల్సింది నా చేతి పనినే, దానికే టెన్షన్, దానికే ఆనందం. పైకి చేరేసరికి పదకొండు దాటింది, సముద్రం మీద ఎండ పడమటి నుంచి కాక ఉత్తరం నుంచి పడుతోంది.

బుధవారం, స్వోల్వేర్ మేక

స్వోల్వేర్ ఊరి మీద రెండు కొమ్ములతో నిలబడ్డ 150 మీటర్ల రాతి స్తంభం, అందరూ మేక అంటారు. 1910లో స్టేటిన్ ఎక్కిన ఆ ముగ్గురే అదే వేసవిలో దీన్నీ మొదటిసారి ఎక్కారు. వెనక సందులోంచి కొన్ని పిచ్‌లు ఎక్కి పెద్ద కొమ్ము మీదికి చేరాం. అక్కణ్నుంచి చిన్న కొమ్ముకి దూకాలి, మధ్యలో ఒకటిన్నర మీటరు ఖాళీ, దిగే చోటు కొంచెం కిందికి, కొంచెం వాలుగా. కింద ఊరి శ్మశానం కనిపిస్తుంది.

దూరం నేల మీదయితే ఆలోచించకుండా దాటే దూరమే. అన్నయ్య తాడు ఎంత వదలాలో రెండుసార్లు కొలిచాడు, తక్కువయితే గాల్లోనే వెనక్కి లాగేస్తుంది. "చూపు దిగే చోటు మీదనే పెట్టు, మోకాళ్లు వంచి దిగు" అన్నాడు. దూకాను. రెండు చేతులూ రాయిని పట్టుకున్నాక అరిచాను, కింద రోడ్డు మీద ఎవరో కారు హారన్ కొట్టారు. తర్వాత అన్నయ్య దూకాడు. చిన్న కొమ్ము మీద నుంచి రాపెల్.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. రాతి ఎక్కుడికి జూన్ మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా మంచి కాలం, ఐసు ఎక్కేవాళ్లకయితే చలికాలంలో ఓస్లోకి పడమట ర్యూకాన్ ఉంది. షెంగెన్ వీసా చాలు. తిండి ఖరీదు, వండుకోండి. లోఫోటెన్‌లో ఈమధ్య కొన్ని చోట్ల టెంట్ వేయనివ్వడం లేదు, బోర్డు చూసుకోండి. హాఫ్ రోపులు (జంటగా వాడే సన్నటి తాళ్లు) రెండు, ఒక సెట్టు క్యాములు, ఒక సెట్టు నట్లు తప్పనిసరి. పగుళ్లు ఎక్కడం, గేర్ పెట్టడం ఇక్కడే నేర్చుకుని వెళ్లండి, పూర్ణ, ఆనంద్ ఎవరెస్టుకి ముందు తర్ఫీదు మొదలుపెట్టిన భువనగిరి గుట్టే అందుకు చాలు. మేమయితే వచ్చే ఏడాది ఆగస్టు మొదట్లో స్టేటిన్‌కి మళ్లీ వెళ్తున్నాం, గైడుకి చెప్పేశాం, తడి రోజులకని ఒక వారం ఎక్కువే పెట్టుకున్నాం.